యాడి అసలు బరువు

ఇంట్లో డయాలసిస్‌కి పోయే మనిషి ఉన్నవాళ్లు ఇది చదివితే నాకు చాలు. మిగతావాళ్లు చదవకపోయినా బాధ లేదు. గండం గడిచిందని చుట్టాలు అంటున్నారు. వాళ్లకేం, అంటారు. గడిచిందో, కాస్త పక్కకు జరిగిందో నాకైతే తెలియదు. ఇన్నాళ్లకు రాయగలుగుతున్నాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మాది బాన్సువాడ దగ్గర తండా. నేను బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. ఇంట్లో మా లంబాడీ భాష, గడప దాటితే తెలుగు. మా భాషలో అమ్మని యాడి అంటాం, నాన్నని బాపు. ఇక్కడ కూడా అట్లాగే రాస్తాను. 'అమ్మ' అని రాస్తే ఎవరో పక్కింటామె గురించి రాస్తున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో మాటలు మాత్రం తెలుగులో పెడుతున్నాను. యాడికీ బాపుకీ నేనొక్కదాన్నే. కొడుకు లేడని మా వాళ్లు జాలిపడుతుంటారు. ఆ జాలి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

వానకాలం

మొదట పాదాలు వాచాయి. నాట్లేసి బురదలో నానిన కాళ్లు, వాచవా అనుకున్నాం. తర్వాత ముఖం వాచింది. పొద్దున లేచేసరికి కళ్లు సగం మూసుకుపోయి ఉండేవి. ఊళ్లో సూదులిచ్చే ఆయన సూది వేస్తే కొంచెం తగ్గి మళ్లీ వచ్చేది. అన్నం వాసన తగిలితే వాంతి. మా పెద్దబాపు, అంటే బాపు వాళ్ల అన్న, మొక్కుకోమన్నాడు. మొక్కుకున్నాం. చివరికి నిజామాబాద్ తీసుకుపోతే, డాక్టర్ రక్తపరీక్ష చూసి కిడ్నీలు రెండూ పని చేయడం లేదని చెప్పాడు.

"మందులకు తగ్గదా సార్?" అన్నాడు బాపు.

"తగ్గదు. వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాలి."

"ఎన్ని వారాలు సార్?"

డాక్టర్ నా వైపు చూశాడు. చదువుకున్న పిల్ల కదా, చెప్పుకుంటుందిలే అని. బ్రతికినంత కాలం అని నాకు అర్థమైంది. అయినా "శానా రోజులు పడ్తదట బాపు" అన్నాను. యాడి ముసుగు ముందుకు లాక్కుని గోడవైపు చూస్తూ కూర్చుంది. ఆమెకి తెలుగు బాగానే వస్తుంది. అన్నీ విన్నదని నాకు తర్వాత తెలిసింది.

ఆ వానకాలమంతా నిజామాబాద్ బస్సులోనే గడిచింది. చీకటితో లేచి తండా నుంచి ఆటో, బాన్సువాడ నుంచి మొదటి బస్సు. పోయేటప్పుడు ఆయాసం, వచ్చేటప్పుడు నీరసం. మిషన్ మీద నుంచి దిగిన మనిషి పిండేసిన బట్టలా ఉండేది. ఆమె బస్సులో వాంతి చేసుకుంటే పక్కవాళ్లు లేచి ముందుకు పోయేవాళ్లు. బాపు జేబులోంచి కవరు తీసి పట్టుకునేవాడు. దవాఖాన వరండాలో కూర్చునే చోటు కోసం జనం తువ్వాళ్లు పరిచి పోయేవాళ్లు. ఎవరి తువ్వాలో తీసి యాడిని కూర్చోబెట్టినందుకు ఒకామె నాతో పెద్ద గొడవ పెట్టుకుంది. నేనూ తగ్గలేదు. చివరికి చూస్తే ఆమె మొగుడికీ అదే రోగం. ఇద్దరం గొడవ ఆపేసి చెరో పక్కన కూర్చున్నాం.

పైరు పట్టించుకునేవాళ్లు లేరు. సెలవులు పెట్టి పెట్టి బడిలో నా జీతం కోతలకే సరిపోయింది. ఒకరోజు బస్సు దిగాక యాడి రోడ్డు పక్కన కూలబడి, "ఇగ నేను రాను. మీ ఇద్దరిని గుడ సంపుతున్న" అంది. బాపు ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆటో వచ్చినా లేవలేదు. ఆమె లేచాకే లేచాడు.

దసరా దాటాక

అప్పుడే బాన్సువాడలో సెంటర్ తెరిచారు. ఒక ట్రస్టు వాళ్లది, పేరు రాయను. ఇంతకుముందు ఏదో షోరూం నడిచిన బిల్డింగ్. కొన్ని మిషన్లు, నర్సులు, టెక్నీషియన్లు ఇక్కడే ఉంటారు. కిడ్నీ డాక్టర్ మాత్రం హైదరాబాద్‌లో ఉంటాడు. చక్రాలున్న స్టాండుకి ఒక టీవీ బిగించి ఉంటుంది. దాన్ని ఒక్కో మంచం దగ్గరికి తోసుకొస్తే ఆయన అందులో కనిపించి మాట్లాడతాడు. తూకం మిషన్ మీద నిలబడగానే బరువు, బీపీ అన్నీ నేరుగా ఆయనకు పోతాయి. పేషెంట్లను తండాల నుంచి తీసుకురావడానికి ఒక వ్యాను. రేపు రావాలని ముందురోజు నా ఫోన్‌కి మెసేజ్.

మొదటిరోజు నేను నమ్మలేదు. డాక్టర్ లేని దవాఖాన ఏంది అని రిసెప్షన్‌లో వాదన పెట్టుకున్నాను. కానీ ఎనిమిది కాకముందే డయాలసిస్ మొదలై, మధ్యాహ్నం అన్నం వేళకి యాడి ఇంట్లో ఉంది. బాపు పొలానికి పోయి సాయంత్రానికి వచ్చాడు. ఆ మార్పు ఎంతదో వానకాలమంతా బస్సులో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆ సెంటర్ రాకపోయి ఉంటే యాడి ఆ చలికాలం దాటేది కాదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేది చదివి ఎవరూ ఆ సెంటర్‌ను తిట్టుకోవద్దు. తిట్టాల్సినవన్నీ నేనే తిట్టాను.

అక్కడ మార్తా సిస్టర్ ఉండేది. ఆమెకే కడుపుతో నాలుగో నెల. అయినా అందరి మంచాల మధ్యా తిరుగుతూ ఉండేది. బరువు సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆమే.

"కిడ్నీలు పనిచేస్తలేవు గదక్కా, తాగిన నీళ్లు బయటికి పోవు. ఒంట్లనే ఉంటయ్. నీళ్లన్ని తీసేసినంక మనిషి ఎంత తూగుతదో అది అసలు బరువు. వచ్చిన రోజు ఎంత ఎక్కువ తూగితే అన్ని నీళ్లు ఎక్కినయని లెక్క. మిషన్ల అంతే తీస్తం. ఎక్కువ తీస్తే బీపీ పడిపోతది. తక్కువ తీస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లకి పోతయ్."

యాడి అసలు బరువు కట్టే రోజు చిన్న పేచీ వచ్చింది. యాడిది పాతకాలపు వేషం. అద్దాలు, నాణేలు కుట్టిన బరువైన లంగా, మోచేతుల పైదాకా గాజులు, కాళ్లకు వెండి కడియాలు, చెంపల పక్కన వేలాడే వెండి ఘుగ్రీలు. తండాలో ఆమె వయసు వాళ్లలో కూడా సగం మంది చీరలకు మారారు. ఆమె మారలేదు. మార్తా సిస్టర్ ఇవి తీసి తూకం ఎక్కమంది.

"ఆయన ఉండంగ ఇవి తియ్యొద్దు" అంది యాడి.

బాపు తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "నేను బయటికి పోతలే. నేను లేను అనుకుని తియ్యి" అన్నాడు.

యాడి ముసుగులోంచి మా భాషలో ఆయన్ని ఒక తిట్టు తిట్టింది. సిస్టర్ కూడా నవ్వి, "సరే అమ్మా, అన్నిటితోనే తూగు. రోజూ ఇవే ఉంటయి గదా, లెక్కల ఫరక్ రాదు" అంది. నిజమే, రాలేదు. నెలల తరబడి ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

తెర మీది డాక్టర్‌ను యాడి 'డబ్బాల డాక్టర్' అనేది. ఆయన మంచివాడే. "అమ్మా, ఎలా ఉన్నారు? ఆయాసం ఉందా? కాళ్లవాపు ఉందా?" అని అడిగేవాడు. పరాయి మగాడి ముందు యాడి ముసుగు తీయదు. డబ్బాలో ఉన్నా మగాడు మగాడే. ముసుగు గడ్డం దాకా లాక్కుని నాతో మెల్లగా చెప్పేది. నేను తెలుగులో ఆయనకి చెప్పేదాన్ని. అందరికీ అదే సుఖంగా ఉండేది.

పక్క మంచం మహారాష్ట్ర హద్దులో ఉన్న డోంగ్లి వైపు నుంచి వచ్చే పాటిల్ కాకాది. ఆయన మరాఠీలో జోకులు చెప్తే ఎవరికీ సగం అర్థమయ్యేది కాదు. అయినా నవ్వేవాళ్లం. ఆ గదిలో నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు. యాడి దాహంతో పెదవులు తడుపుకుంటుంటే, ఆయన తన డబ్బాలోంచి ఒక లవంగం తీసి పంపేవాడు. నోట్లో పెట్టుకుంటే దాహం తెలియదట. సంక్రాంతి తర్వాత ఒకరోజు మేం పోయేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చి ఉంది. నేను అడగలేదు. యాడీ అడగలేదు. లవంగాలు మాత్రం కొన్ని రోజులు ఆమె కొంగులో ఉన్నాయి.

ఫిబ్రవరి

బాపు యాసంగి వరికి నీళ్లు పెట్టడానికి పోయి గట్టు మీద పడిపోయాడు. పక్క మడిలోవాళ్లు చూసి ఎత్తుకొచ్చేసరికే అయిపోయింది. గుండె అన్నారు. ఆయనకి బీపీ ఉందో లేదో మాకు తెలియదు. ఇన్ని నెలలు దవాఖానల చుట్టూ తిరిగాడు, ఒక్కరోజైనా ఆయన చేతికి ఆ పట్టీ చుట్టి చూపించుకోలేదు. అందరం యాడిని చూస్తూ ఉంటే ఆయన్ని చూసేవాళ్లు లేకపోయారు. దీనికి నేను ఎవరిని తిట్టుకోవాలో నాకు ఈరోజుకీ తెలియదు.

శవాన్ని తీసుకుపోయాక ఆడవాళ్లు యాడి చుట్టూ చేరారు. గాజులు కొన్ని పగలగొట్టారు, రానివి కోశారు. కడియాలు లాగుతుంటే మడమల దగ్గర చర్మం లేచింది. ఘుగ్రీలు విప్పారు. లంగా తీసి పాత నేత చీర కట్టారు. నేను గదిలోనే ఉన్నాను. చూడలేక తల తిప్పుకున్నాను. నా పెళ్లికి ఏమేం వస్తువులు పెట్టాలా అని యాడి ఆ కడియాలు చూసుకుంటూ ఆలోచించేదని నాకు తెలుసు. ఇప్పుడవి ఒక మూటలో పోయాయి.

ఆ రోజు డయాలసిస్ లేకుండానే పోయింది. తర్వాతి దానికి పెద్దబాపు అడ్డం పడ్డాడు.

"మొగడు పోయిన మనిషి. దినాలు అయ్యేదాంక గడప దాటొద్దు."

"దినాలు అయ్యేదాంక ఆగితే ఈమె దినాలు గుడ చేసుడే ఉంటది పెద్దబాపు" అన్నాను.

తండాలో ఎవరూ ఆయనతో అట్లా మాట్లాడరు. బాపు ఉండి ఉంటే నాకు చెంపదెబ్బ పడేది. కానీ బాపు లేడు కదా, అదే నా ధైర్యం. ఆయన భార్య, మా పెద్దమ్మ, మధ్యలో పడి, ఎవరికీ ఎదురుపడకుండా పోయి రమ్మంది. వ్యాను డ్రైవర్ అన్నకు ఫోన్ చేస్తే ఒక్కమాట అడగలేదు. తండా బయట నుంచి కాలువ గట్టు మీదుగా తిప్పి వెనక తలుపు దగ్గరికే తెచ్చాడు. మేం ఎక్కేదాకా అటు తిరిగి నిలబడ్డాడు. ఈ లోకంలో కొంతమందికి ఏదీ చెప్పనక్కర్లేదు. యాడి మీద దుప్పటి కప్పి తీసుకుపోయాను.

మార్తా సిస్టర్ కాన్పు సెలవు మీద పోయింది. కొత్తగా వచ్చిన టెక్నీషియన్ యాడిని ఎప్పుడూ చూసినవాడు కాదు. తూకం ఎక్కించాడు. అసలు బరువు మీద కొంచెమే ఎక్కువుంది. ఒక డయాలసిస్ తప్పినా ఇంతేనా అని నాకే ఆశ్చర్యమైంది. తెర మీద డాక్టర్‌కి బాపు సంగతి చెప్పాను. ఆయన చాలా బాధపడ్డాడు.

"ఈ బాధలో తిండీ నీళ్లూ మానేసి ఉంటారు. అందుకే బరువు పెరగలేదు. బీపీ కాస్త ఎక్కువుంది, అది కూడా సహజమే. ఈరోజు ఎక్కువ నీళ్లు తీయొద్దు, తట్టుకోలేరు" అన్నాడు.

మాకందరికీ అది సబబుగానే తోచింది. నిజంగానే ఆమె ఏమీ తినడం లేదు. కానీ వచ్చినవాళ్లందరూ చాయ్ తెచ్చి, రెండు గుక్కలైనా తాగమని బలవంతం చేస్తుండేవాళ్లు. దుఃఖంలో ఉన్న మనిషికి మా దగ్గర పెట్టేది చాయే. ఎన్ని కప్పులు లోపలికి పోయాయో ఎవరు చూశారు?

తర్వాతిసారి కూడా అంతే. తూకంలో తేడా లేదు, మిషన్ మెల్లగా నడిచింది. ఇంటికి వచ్చాక యాడి గోడకు ఆనుకుని కూర్చునేది, పడుకునేది కాదు. మొగడు పోయిన మనిషి మూలన కూర్చోవడం మా దగ్గర రివాజే. ముఖం ఉబ్బింది. ఏడ్చి ఏడ్చి వాచిందన్నారు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. దుఃఖం పొంగుకొస్తుందన్నారు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ బాపే.

ఒక మధ్యాహ్నం ఆమె పెదవులు నల్లబడ్డాయి. "యాడీ, ఏమైతున్నది?" అంటే చెయ్యి ఊపింది. మాట రాలేదు. నిజామాబాద్ తీసుకుపోదామని పెద్దబాపు ఆటో కోసం మనిషిని పంపాడు. నేను ఆమెకి ఒక చీర తీసుకుందామని పక్కనే ఉన్న పెద్దమ్మ ఇంటికి ఉరికాను. పెద్దమ్మ చీరతో పాటు, సందూకులోంచి ఒక మూట తీసి నా చేతుల్లో పెట్టింది.

"దవాఖానల ఏం అవసరం పడ్తదో, తల్లి వస్తువులు బిడ్డ దగ్గరనే ఉండాలె" అంది.

నేను ఒక చేత్తో అందుకోబోయాను. మూట కిందికి లాగింది. రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. లంగా, కడియాలు, ఘుగ్రీలు, గాజు ముక్కలు. పొట్టకు ఆనించుకుని గడప దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాను. ఇదంతా ఆమె ఒంటిమీద ఉండేది. ఇప్పుడు లేదు. అయినా బరువు తగ్గలేదు. మరి ఆ జాగాలో ఏమున్నట్టు?

మూట అక్కడే పడేసి సెంటర్‌కి ఫోన్ చేశాను. ఏం అరిచానో నాకు గుర్తులేదు. టెక్నీషియన్ డాక్టర్‌ను కలిపాడు.

"సార్, మా యాడి వస్తువులన్నీ తీసేసినం. మొగుడు పోతే తీస్తరు. మీ లెక్కల అవి ఇంకా ఉన్నయి. ఆ బరువంతా నీళ్లు సార్."

"ఎంత బరువుంటాయి?" అన్నాడు.

"తూచలేదు. నా చేతులు లాగినయ్."

"నిజామాబాద్ వద్దు, దారిలో ఏమైనా కావచ్చు. బాన్సువాడకే తీసుకురండి, వ్యాను పంపిస్తున్నారు. పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకురండి. మిషన్ సిద్ధంగా ఉంచుతారు, నేను లైన్‌లోనే ఉంటాను."

ఈసారి వెనక తలుపు చూడలేదు. తండా నడి బజారులోంచి, అందరి ముందు నుంచి, కొత్తగా విధవైన యాడిని నేనూ పెద్దబాపూ చెరో పక్కా పట్టి నడిపించుకొచ్చాం. పెద్దబాపే వ్యానులో ముందు ఎక్కి ఆమెను ఒళ్లోకి ఆనించుకున్నాడు. తమ్ముడి భార్యను ముట్టుకోకూడనివాడు ఆయన. దారంతా "పీల్చు బిడ్డా, పీల్చు" అంటూనే ఉన్నాడు. ఆయన మీద ఉన్న నా కోపం ఆ దారిలో ఎక్కడో పడిపోయింది.

సెంటర్‌లో మిషన్ నడిచినంతసేపూ తెర యాడి మంచం దగ్గరే ఉంది. డాక్టర్ ఇంకెవరినీ చూడలేదు. ఆమెకు కాస్త ఊపిరి అందాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. రెండుసార్లు వచ్చినం, రెండుసార్లు మీరు చూసిండ్రు, ఏం చూసిండ్రు సార్ అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"నాకు తెరలో ముసుగు వరకే కనబడుతుందమ్మా. చేతులు కనబడవు. అడగాల్సింది, అడగలేదు" అన్నాడు.

కొత్త టెక్నీషియన్ బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. పెద్దబాపు పోయి అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఎండాకాలం

ఆ తర్వాత సెంటర్‌లో పద్ధతి మారింది. తెరను తల నుంచి కాళ్ల దాకా తిప్పి చూపించాలి. పడుకుంటే ఆయాసం వస్తుందా, ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు అని అందరినీ అడగాలి. తూకానికి ముందు, "పోయినసారి ఉన్నవన్నీ ఇప్పుడు ఉన్నయా?" అని అడుగుతారు. చలికాలపు స్వెట్టర్ విప్పేసి జుక్కల్ నుంచి వచ్చే రైతును కూడా అడుగుతారు. యాడికి నేత చీరలో కొత్తగా అసలు బరువు కట్టారు. తక్కువొచ్చింది. ఆమె ఇంత చిన్న మనిషా అనిపించింది నాకు.

మీ ఇంట్లోవాళ్లు సెంటర్‌కి పోతుంటే ఇది గుర్తుంచుకోండి. దూరాన ఉన్న డాక్టర్‌కి మీరు చెప్పిందే తెలుస్తుంది. ఇంట్లో ఏం మారినా చెప్పండి. చావు, పెళ్లి, ఉపవాసం, మొక్కు, అన్నీ చెప్పండి. అది దవాఖానకి ఎందుకులే అనుకోవద్దు.

ఇంట్లో మాత్రం ఇంకో సంగతి మిగిలింది. ఒకరోజు వరికోతల మిషన్ మా పొలంలో తిరుగుతోంది. బాపు వేసిన పంటే. నేను గట్టు మీద యాడికి గొడుగు పట్టుకుని కూర్చున్నాను. గత కొన్ని రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను.

"అన్ని రోజులు ఊపిరి ఆడకపోతే నాకెందుకు చెప్పలే యాడీ?"

ఆమె కోతల మిషన్ వైపు చూస్తూ చెప్పింది.

"రోగం అనుకోలే బిడ్డా. మొగడు పోతే గట్లనే ఉంటదనుకున్న. రొమ్ము మీద బండ పెట్టినట్టు ఉండె. పండుకుంటె మునిగిపోతున్నట్టు ఉండె. మా యాడికి గుడ గిట్లనే అయ్యుంటది, లోకంల అందరికి గిట్లనే అయ్యుంటది, చెప్పుకునేది ఏమున్నది అనుకున్న."

నేను గొడుగు ఆమె వైపు జరిపాను.

"ఆ దినం మిషన్ మీద నీళ్లు గుంజినంక పానం తేలికైంది. అప్పుడు నాకు మస్తు సిగ్గైంది. ఆయన కోసం నేను పడ్డ దుక్కం గింతేనా, మిషన్ల పోసేసినరా అని."

ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. గొడుగు పక్కన పెట్టి ఏడ్చాను. మిషన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు

మళ్లీ వానలు పడుతున్నాయి. వ్యాను వస్తుంది, పోతాం, వస్తాం. మార్తా సిస్టర్ పసిబిడ్డను వాళ్లమ్మ దగ్గర వదిలి డ్యూటీకి వచ్చింది. వచ్చిన రోజు యాడి బోసి చేతులు పట్టుకుని నిలబడింది. పొలం పెద్దబాపు చూస్తున్నాడు. తండాలో కొందరు ఇప్పటికీ, దినాలు కాకముందే గడప దాటిన మనిషని యాడిని పెళ్లిళ్లకు పిలవడం లేదు. ఆమె ఫికర్ చేయదు. నేనే చేస్తాను. ఆ ఇళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు నా చూపు బాగుండదు.

ఈ మధ్య యాడి మళ్లీ గోడకు ఆనుకుని కూర్చోవడం చూసి నాకు ఫిబ్రవరి గుర్తొచ్చింది. అన్నం ముందు పెట్టుకుని చెయ్యి కలపకుండా అట్లాగే ఉంది. మర్నాడు సెంటర్‌లో తెర రాగానే డాక్టర్ కన్నా ముందు నేనే మొదలుపెట్టాను. ముఖం వాచింది, అన్నం తింటలేదు, నిట్టూరుస్తున్నది అన్నాను. తూకం చూశాడు, సరిగ్గానే ఉంది. అయినా ఆయన ఇప్పుడు అంకెను నమ్మడు.

"అమ్మా, ఆయాసం ఉందా?" అన్నాడు.

యాడి నా వైపు తిరిగి మా భాషలో, "ఏమని చెప్పాలె?" అంది. ఎప్పుడూ ఆమె తరఫున చెప్పేది నేనే. ఈసారి నాకు చెప్పడం చేతకాలేదు.

"ఒకసారి దిండు తీసి పూర్తిగా పడుకోమనండి. నీళ్లుంటే పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. నేను చూస్తుంటాను, భయపడొద్దు" అన్నాడు డాక్టర్.

మార్తా సిస్టర్ దిండు తీసింది. యాడి వెల్లకిలా పడుకుంది. సిస్టర్ ఆమె వేలికి క్లిప్పు పెట్టింది. తెరలో డాక్టర్ ముందుకు వంగాడు. మేం ముగ్గురం ఆమె రొమ్ము లేవడం, దిగడం చూస్తూ ఉన్నాం. ఊపిరి మెల్లగా, ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆమె ఆ ముసుగు తనంతట తానే నుదుటి మీదికి తోసుకుని, కళ్లు మూసుకుని, లోపల దేన్నో వెతుకుతున్నట్టు కాసేపు ఉంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నీళ్లు కాదు బిడ్డా" అంది. "ఇది మీ బాపే."

డాక్టర్ ఏమన్నారని అడిగాడు. ఆయాసం లేదట సార్ అని చెప్పాను.